ఎనిమిది చాలన్న మాట

ఆర్డిస్ ఆఖరి చలికాలాన్ని పాడుచేసినవాడు డ్వేన్ టోలెఫ్సన్. కంప్యూటర్లో ఆటల బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుకు ఎనిమిది జీబీ మెమరీ చాలని చెప్పింది అతనే. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఆర్డిస్ మొగుడు లైల్ బ్రెక్కి ఈ సంగతి మనసులో తేల్చేసుకున్నాడు.

లైల్ ఎల్స్‌బీ ఊళ్లో రైలు పట్టాల పక్కనున్న ధాన్యం గోదాములో ముప్పై ఒక్క ఏళ్లు కాటా దగ్గర పనిచేశాడు. లారీ కాటా ఎక్కేది. అంకె పడేది. లారీ దిగిపోయేది. రైతు గింజ చూడమనేవాడు, రంగు చూడమనేవాడు, ఈ ఏడు వానలెట్లా పడ్డాయో చెప్పేవాడు. లైల్ అంకె రాసి చీటీ చింపి ఇచ్చేవాడు. మనిషి కన్ను ఆశపడుతుంది, ఇనుము ఆశపడదు అన్నది అతని సిద్ధాంతం. ఒక్క గది బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివి నేర్చుకున్నదానికన్నా ఆ కాటా గదిలో నేర్చుకున్నదే ఎక్కువని చెప్పుకునేవాడు.

డ్వేన్ అదే బడిలో అదే బల్ల మీద కూర్చున్నవాడు. పాతికేళ్ల కిందట ఇద్దరూ డ్వేన్ ఇంటి నేలమాళిగలో రెండు కంప్యూటర్లకు ఒక తీగ కలిపి ఆటలు ఆడటం మొదలుపెట్టారు. భోజనానికి పెళ్లాలు పిలిస్తే ఒకళ్లు ఇంకొకళ్ల మీద నెట్టేవాళ్లు. ఆ తర్వాత డ్వేన్ మెయిన్ వీధిలో పాత ఇనుప సామాన్ల కొట్టు తీసుకుని కంప్యూటర్లూ ఫోన్లూ బాగుచేసే షాపు పెట్టాడు. శనివారం మధ్యాహ్నం ఎవరింట్లో వాళ్లు చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని ఆడటం మాత్రం మానలేదు.

ఆర్డిస్‌కు డ్వేన్ అంటే ఇష్టమే. ఎగతాళి కూడా ఉండేది.

"లైల్, మా సవతి ఫోన్ చేశాడు. నువ్వు లేక అన్నం సయించడం లేదట."

రిటైరైన ఏడాది లైల్ కొత్త కార్డు కొనాలనుకుని షాపుకు వెళ్లాడు.

"ఏం కాటా, ఏం కావాలి?" అన్నాడు డ్వేన్. చిన్నప్పటి పేరు పోయి ఆ పేరే మిగిలింది.

"ఎనిమిదా, పదహారా? తేల్చి చెప్పు."

"ఏ తెర మీద ఆడతావ్? ఆ పాత మానిటరేనా?"

"అదే."

"దానికి ఎనిమిది చాల్రా. పదహారు పెట్టుకుంటే ఇద్దరు మనుషులకి ఎనిమిది గదుల ఇల్లు కట్టినట్టు."

"ఇంటర్నెట్‌లో కుర్రాళ్లు పన్నెండు లేకపోతే బతకలేమంటున్నారు."

"వాళ్లకి పన్నెండిస్తే ఇరవై నాలుగు లేకపోతే చస్తామంటారు. వాళ్లు ఆడేది తక్కువ, కొలిచేది ఎక్కువ. నీకు ఎనిమిది చాలు."

లైల్ ఇంటికి తెచ్చుకున్నది కార్డుతో పాటు ఆ చివరి మాట ఒక్కటే. ఏ తెర మీద అన్న ప్రశ్న షాపులోనే వదిలేశాడు.

ఆ చలికాలం ఆర్డిస్‌కు మోకాలి ఆపరేషన్ జరిగింది. ఆరు వారాలు కుర్చీలోంచి కదలకూడదన్నారు. ఊసుపోక లైల్ పక్కన కూర్చుని అతను ఆడే ఆట చూసేది. మంచు కొండల మధ్య పాతకాలపు రాజ్యం. గుర్రమెక్కి తిరగాలి, తోడేళ్లను కొట్టాలి, దొంగలను పట్టాలి. మూడోనాడు ఆట నడిపే గేమ్‌ప్యాడ్ తను చేతిలోకి తీసుకుంది.

ఆమె తోడేలును చూస్తే గుర్రం తిప్పుకుని వచ్చేసేది. దొంగల జోలికి వెళ్లేది కాదు. ఊళ్లలోకి వెళ్లి ఇళ్లలో దూరేది. వంటగదుల్లో కుండలు చూసేది, మంచం మీద దుప్పటి చూసేది, గోడకు ఏం తగిలించారో చూసేది.

"ఇంటావిణ్ణి అడక్కుండా లోపలికి పోతున్నావ్," అనేవాడు లైల్.

"ఆవిడ ఏమీ అనుకోదు. నీకన్నా మర్యాదస్తురాలు."

ఆర్డిస్ బొంతలు కుట్టేది. ఆ చుట్టుపక్కల బొంతలు కుట్టని ఇల్లు లేదుగానీ ఆమె కుట్టు వేరు. గురువారం గురువారం ఇరవై రెండు మైళ్లు కారు నడుపుకుంటూ క్వారీ అనే ఊరి చర్చికి వెళ్లేది. అక్కడ కింది హాల్లో తొమ్మిదిమంది ఆడవాళ్లు పొడుగు బల్ల చుట్టూ చేరి కుట్టేవాళ్లు. ఏ గుడ్డ ముక్క ఏ ముక్క పక్కన పడాలో తేలకపోతే ఆర్డిస్‌ను అడిగేవాళ్లు. మోకాలు కుదురుకున్నాక కూడా ఆమె ఆట మానలేదు. ఆ ఆటలో కొండ మీద ఒక ముసలమ్మ గుడిసె ఉంది. లోపల గోడకు ఎర్ర తివాచీ వేలాడుతుంటుంది. దాని మీద అల్లికను గళ్ల కాగితం మీద ఎక్కించుకుని బొంతగా కుట్టాలని ఆమె పట్టు. లైల్ ఆ గుడిసెలోకి నూరుసార్లు వెళ్లి ఉంటాడు. అక్కడ తివాచీ ఉందన్న సంగతి ఆమె చెబితేనే తెలిసింది.

చిన్న తెర మీద గీతలు సరిగ్గా దొరకడం లేదని ఆమె ఒకసారి అంది. మరుసటి అక్టోబరులో ఆమె పుట్టినరోజుకు లైల్ పెద్ద టీవీ తెచ్చి కంప్యూటర్‌కు తగిలించాడు. గోడలో సగం ఆక్రమించింది. అతను ఆమె కోసం చేసిన పనుల్లో అది మంచిదే. ఆ మాట కాదనడానికి లేదు.

పెద్ద తెరకు కార్డు కాస్త రొప్పింది. సెకనుకు ఎన్ని బొమ్మలు తెర మీదికి వస్తున్నాయో చెప్పే అంకె ఒకటి లైల్ ఎప్పుడూ పై మూలన పెట్టుకుంటాడు. అది నలభైకి పడింది. అతను ఒక మధ్యాహ్నమంతా కూర్చుని నీడలు తగ్గించాడు, గడ్డి పలచన చేశాడు, నీళ్లలో మెరుపు తీసేశాడు. అంకె అరవై ఒకటికి వచ్చి నిలబడింది. వస్తువుల మీద పరిచే రంగునూ గీతనూ ఆ ఆటలో టెక్స్‌చర్లంటారు. వాటి మీట అన్నిటికన్నా పై మెట్టు మీద ఉంది. దాన్ని కదిపినా అంకె మారలేదు కనుక అక్కడే వదిలేశాడు.

మొదట ఒక ఆదివారం ఆర్డిస్ అంది.

"లైల్, తివాచీ చెరిగిపోయింది."

అతను తల ఎత్తి పై మూలకు చూశాడు. "అరవై ఒకటి. బాగానే ఉంది."

"నేను అంకె అడిగానా? తివాచీ చూడు. ఎవరో తడిగుడ్డతో తుడిచినట్టుంది."

అతను చూశాడు. ఎర్రగా ఉంది. అతనికి అది ఎప్పుడూ ఎర్రగానే కనిపించింది.

"తివాచీకేం, బాగానే ఉంది. నీ అద్దాలు తుడుచుకో."

ఆమె తుడుచుకుంది. లేచి టీవీ దగ్గరికి వెళ్లి నిలబడి చూసింది.

"దగ్గరికొచ్చినా ఇంతే."

"దగ్గరికెళ్తే ఏ టీవీ అయినా అంతే."

రెండు రోజుల తర్వాత ఇంకో మాట చెప్పింది. "ఆట పెట్టగానే బాగుంటుంది. అరగంటకి మసకేస్తుంది."

"చూడు మరి. కళ్లు అలిసిపోతున్నాయన్నమాట."

ఆర్డిస్‌కు చక్కెర జబ్బు ఉంది. ఫార్గో పట్నంలో కంటి డాక్టరు రెండేళ్ల కిందటే చెప్పాడు, దూరపు వస్తువులు మసకబారితే ఆలస్యం చేయకుండా రమ్మని. ఆ మాట లైల్ నోట వచ్చింది. ఆమె అంతకు ముందే అనుకుని ఉంటుంది. గేమ్‌ప్యాడ్ బల్ల మీద పెట్టి, కాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"సూదిలో దారం బానే ఎక్కుతోందే," అంది.

"దగ్గరిది చివర్న పోతుంది."

ఎక్కడ విన్నాడో అతనికే తెలియదు. తెలిసినట్టు చెప్పాడు.

ఫోన్ చేస్తే డాక్టరు దగ్గర మే నెలలోగానీ ఖాళీ లేదన్నారు. సరే అంది. ఆ గురువారం ఆమె కోటు వేసుకుని బయల్దేరుతుంటే లైల్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఆరడుగుల్లో తివాచీ కనపడనిదానివి, రోడ్డు మీద జింక కనపడుతుందా నీకు?"

"పట్టపగలు వెళ్తున్నాను లైల్."

"జింకకి పగలూ రాత్రీ తెలుసా? తాళాలిటివ్వు."

ఆమె ఇచ్చింది. అరుస్తుందనుకున్నాడు, అరవలేదు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమె నోరు మూసుకుని ఓడిపోయింది అదొక్కసారే.

అతను తనే నడిపి మూడు గురువారాలు తీసుకెళ్లాడు. ఆడవాళ్ల మధ్య కూర్చోలేక కారులో ఇంజను వేసుకుని మూడేసి గంటలు కాచుకున్నాడు. నాలుగో వారం మంచు పడుతుందన్నాడు. అయిదో వారం బ్యాటరీ బాగాలేదన్నాడు. ఆ తర్వాత ఆమె అడగలేదు. క్వారీ ఆడవాళ్లు తీసుకెళ్తామని ఫోన్ చేస్తే ఇరవై రెండు మైళ్లు అటూ ఇటూ మీకెందుకు శ్రమ అంది. వాళ్ల కోసం కుడుతున్న పెళ్లి బొంత మడిచి సంచిలో పెట్టి పంపించేసింది. పోయే కళ్లతో వేరేవాళ్ల గుడ్డ పాడుచేయనంది.

ఆట కూడా మానేసింది. లైల్ ఆడుతుంటే సోఫాలో కూర్చునేది, తెర వైపు కాకుండా కిటికీ వైపు తిరిగి. "కొండలు కనిపిస్తున్నాయా?" అని ఒకసారి అడిగాడు. "కనిపించేవన్నీ చూడక్కర్లేదు," అంది.

ఏప్రిల్ తొమ్మిదో తారీకున వంటింట్లో, మాంసమూ కూరలూ కలిపిన హాట్‌డిష్ ఓవెన్‌లో పెట్టి దాని తలుపు మూసి, నిలబడ్డచోటే కూలిపోయింది. గుండె. కళ్లకూ దానికీ సంబంధం లేదు. మే నెలలో కంటి డాక్టరు ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి, గురువారం పదింటికి ఆర్డిస్ బ్రెక్కి గారు వస్తున్నారు కదా అని అడిగింది. రాదు అన్నాడు లైల్. వేరే రోజు ఇమ్మంటారా అంది. అక్కర్లేదన్నాడు.

సెప్టెంబరులో ఇంటర్నెట్‌లో ఒక వీడియో లైల్ కంటపడింది. ఏ దేశమో, ఎవరో ఆడమనిషి అదే ఆట ఆడుతూ చూపిస్తోంది. కొండ మీద అదే గుడిసెలోకి వెళ్లింది. లైల్ మొదటిసారి ఆ తివాచీని చూశాడు. ఎనిమిది కోణాల చుక్కలు వరసగా ఉన్నాయి. చుక్కకూ చుక్కకూ మధ్య పిట్టలున్నాయి. ఒక్కో ఈక విడివిడిగా నేసి ఉంది.

అతను వెంటనే తన ఆట పెట్టాడు. గుడిసెలో ఆటలోని రౌతును తివాచీ ముందు నిలబెట్టి కుర్చీలో వెనక్కి వాలాడు. పిట్టలున్నాయి. బయటికి వచ్చాడు, ఊళ్లోకి వెళ్లాడు, మళ్లీ కొండెక్కాడు. అరగంట కాలేదు. తివాచీ మీద పిట్టలు లేవు. చుక్కలు కూడా నీళ్లలో పడ్డ సిరాలాగా ఒకదానిలోకి ఒకటి కలిసిపోయాయి. పై మూలన అరవై ఒకటి అలాగే ఉంది.

ఆర్డిస్ కళ్లకు ఏమీ కాలేదు. ఆ ఇంట్లో ఉన్నది ఉన్నట్టు చూసింది ఆమె ఒక్కతే.

మర్నాడు పొద్దున్నే కార్డు ఊడదీసి రొట్టె సంచిలో చుట్టి డ్వేన్ షాపుకు వెళ్లాడు. డ్వేన్ ఎవరిదో ఫోను వెనక మూత తీసి గీకుతున్నాడు.

"ఏం కాటా, ఇన్నాళ్లకి దారి తెలిసిందా? కాఫీ అక్కడుంది, పోసుకో."

లైల్ సంచి కౌంటరు మీద పెట్టాడు.

"ఎనిమిది చాలన్నావు."

"అన్నాను."

"చాల్లేదు. తివాచీ చెరిగిపోయింది. ఆర్డిస్ తన కళ్లు పోతున్నాయనుకుంది. నేనూ అదే అన్నాను. తాళాలు లాక్కున్నాను. చలికాలమంతా ఇంట్లో కూర్చోబెట్టాను. నీ ఎనిమిది వల్ల."

డ్వేన్ ఫోను పక్కకు పెట్టాడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. లైల్‌కు అది తప్పు ఒప్పుకున్నట్టే అనిపించింది.

"ఏ తెర మీద?" అన్నాడు డ్వేన్.

"టీవీ మీద."

"నేను చాలన్నది మానిటర్ మీద. కూర్చోరా." లైల్ కూర్చోలేదు. "నీకు తెలిసిన మాటల్లో చెప్తాను. నీ గోదాములో పట్టేది ఎనిమిది గాదెలు. పెద్ద టీవీ పెట్టి, టెక్స్‌చర్లు పై మెట్టు మీద పెట్టి, పదకొండు గాదెల సరుకు తోలావు. పాత ఆటలైతే గేటు దగ్గర లారీలు నిలిచిపోయేవి. అంకె పడిపోయేది, నీకు తెలిసేది. ఈ కొత్తవి తెలివి మీరాయి. లారీ ఆపవు. మంచి గింజ బయట పోయించి లోపలికి పొట్టు తోలతాయి. నువ్వు లెక్కపెట్టేది లారీల్ని. లారీలు సరిగ్గానే వస్తాయి."

"ఈ సంగతి ముందే చెప్పాలి."

"చెప్పాను."

"నాకు చెప్పలేదు."

"ఆర్డిస్‌కి చెప్పాను. టీవీ కొన్న వారం ఫోనుకి అద్దం వేయించుకోడానికి వచ్చింది. మా ఆయన గోడ కొన్నాడు అని నవ్వింది. టీవీ మీద ఎనిమిది ఇరుకవుతుంది, టెక్స్‌చర్లు ఒక మెట్టు దించమని లైల్‌కి చెప్పు అన్నాను. చెప్పలేదా?"

చెప్పింది. కోటు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పింది. సవతి ఏదో ఒక మెట్టు దించమంటున్నాడు లైల్, అంది. ఈ ఇంట్లో కాటా మనిషి ఎవరు, అన్నాడతను. అరవై ఒకటి వస్తుంటే ఎవడైనా దించుతాడా? సరే మహానుభావా, అని ఆమె కోటు విప్పుకుంది. తివాచీ చెరిగింది ఆ తర్వాత నాలుగు రోజులకు. ఆ మెట్టుకూ తివాచీకీ ముడి ఉందని ఆమెకు ఎట్లా తెలుస్తుంది? తెలియవలసినవాడు ఆ మూలకు చూస్తూ కూర్చున్నాడు.

"ఎందుకు దించాలో చెప్పావా దానికి?" అన్నాడు లైల్.

"లేదు. నువ్వు నాకు ఫోన్ చేసి తిడతావనుకున్నా. అప్పుడు చెప్దామనుకున్నా."

"శనివారం శనివారం మాట్లాడుకున్నాం."

"మాట్లాడుకున్నాం. ఆర్డిస్ కళ్లు పోతున్నాయన్నావు. పాపం అన్నాను. తివాచీ మాట ఎత్తావా? కొండలూ గుర్రాలూ బాగానే ఉండి తివాచీ ఒక్కటే చెరుగుతోందని ఒక్క ముక్క అనుంటే, అరగంటకి చెరుగుతోందని అనుంటే, అప్పటికప్పుడు నీ నెత్తి మీద మొట్టి చెప్పేవాణ్ణి. నువ్వు చెప్పింది జబ్బు. నేను విన్నది జబ్బు."

బయట చక్కెర దుంపల లారీ ఒకటి పోయింది. షాపు అద్దాలు వణికాయి.

డ్వేన్ వెనక అర మీద నుంచి ఒక పెట్టె తీసి ముందు పెట్టాడు. "పదహారుది. పట్టుకెళ్లు."

"ఇప్పుడెవరు చూడాలి?"

"నువ్వు చూడు."

"నాకక్కర్లేదు." రొట్టె సంచి తిరిగి చేతిలోకి తీసుకున్నాడు. తలుపు దాకా వెళ్లాక ఆగాడు. "పదహారు ఉంటేనే చెరగదా?"

డ్వేన్ పెట్టెను మళ్లీ అర మీదికి ఎక్కించాడు. లైల్ కదలకుండా నిలబడ్డాడు.

"లేదు," అన్నాడు డ్వేన్. "ఎనిమిదైనా చెరగదు. ఒక మెట్టు దించితే చాలు."

మధ్యాహ్నం రెండింటికి లైల్ కార్డు మళ్లీ బిగించాడు. ఆట పెట్టి, టెక్స్‌చర్ల మీటను ఒక మెట్టు దించాడు. వేలితో ఒక్క నొక్కు. ఊళ్లోకి వెళ్లాడు, సంతలో తిరిగాడు, వాగు దాటాడు, కొండెక్కాడు. గంట తిరిగాడు. గుడిసెలోకి వచ్చి తివాచీ ముందు నిలబడ్డాడు.

పిట్టలున్నాయి. పై మెట్టు మీద ఉన్నప్పటికంటే ఈకలు ఒక పిసరు మందంగా ఉన్నాయేమో, తేడా పట్టాలంటే ఆర్డిస్ కావాలి. ఇంకో గంట అక్కడే ఉన్నాడు. చెరగలేదు. రెండు గంటల్లో పై మూలకు ఒక్కసారి చూశాడు. అరవై రెండు. ఒకటి పెరిగింది.

ఆమె కార్డు అడగలేదు, టీవీ అడగలేదు. ఇటు చూడమంది. చూడటానికి అతను సోఫాలోంచి లేవవలసిన పని కూడా లేకపోయింది.

నాలుగు దాటాక ఫోన్ మోగింది.

"దించావా?" అన్నాడు డ్వేన్.

"దించాను."

"నిలిచిందా?"

"నిలిచింది."

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"లైల్, ఇందులో నా తప్పు కూడా కొంత..."

"కొంత కాదు. నీది నీకు పూర్తిగా ఉంది. తెలిసినవాడివి ఒక్కసారి చెప్పి ఊరుకున్నావు. నేను ఒక్కసారి విని ఊరుకున్నాను. నీది తగ్గించుకోడానికి నా దగ్గరికి రాకు, నాది తగ్గించుకోడానికి నీ దగ్గరికి రాను."

"శనివారం ఆట..."

"శనివారం లేదు."

"ఒరే, అరవై ఏళ్ల స్నేహం..."

"విను. క్వారీ ఆడవాళ్లు ఆర్డిస్ ఎందుకు రావడం మానేసిందని నన్ను ఇప్పటికీ అడుగుతున్నారు. వాళ్లకీ చెప్పను. పాస్టరుకీ చెప్పను. నీతో మాట్లాడిన ఈ నాలుగు మాటలే మొదలూ చివరా. చచ్చేదాకా ఈ సంగతి నా నోట రాదు. నువ్వు ఎత్తితే నేను వినను."

డ్వేన్ ఆర్డిస్ పేరు తీశాడు. లైల్ ఫోన్ పెట్టేశాడు.